ముప్పై ఒక్క గుణాల బర్రె

ఆ రోజుల్లో ఒక మనిషి సంగతి ఇంకో మనిషికి అంటకుండా గుర్తుపెట్టుకోవడం ఎంత కష్టమో ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు. ఇప్పుడంటే రైలు టికెట్టు కోసం ఫోన్ తెరిస్తే చాలు, అది మన పేరు, మన ఊరు, పోయినసారి కింది బెర్తు దొరకక మనం టీసీతో పెట్టుకున్న తగువు కూడా గుర్తున్నట్టే పలకరిస్తుంది. అదే నిమిషంలో దేశమంతా దాని మీద పడి అడుగుతున్నా నా టికెట్టు నాకే, పక్కింటాయనది పక్కింటాయనకే ఇస్తుంది. కాకపోతే మధ్యలో చాయ్ కోసం లేచామా, 'మీ సెషన్ ముగిసింది' అని అలిగిన అల్లుడిలా ముఖం తిప్పుకుంటుంది. మా మేనల్లుడు ఇలాంటివి తయారుచేసే కంపెనీలో ఉద్యోగి. సెలవుకు వచ్చినప్పుడల్లా నాకు పాఠం చెబుతాడు. "మామా, పేజీ అంటే ఒక్కటే కాదే, ముక్కలు ముక్కలుగ ఉంటది. ఏ ముక్కకైనా ఎదురుంగ ఉన్నదెవరో తెల్వాలె. ఒక్కొక్కరి ముచ్చట ఒక్కొక్క అరల పెట్టాలె. గంతే." నేను బుద్ధిమంతుడిలా తల ఊపుతాను. ఈ పాఠం నేను వాడు పుట్టకముందే జహీరాబాద్ బస్టాండులో, ఒక ముర్రా బర్రె సాక్షిగా నేర్చుకున్నానని వాడికి తెలియదు. (వాళ్ల అత్తకు తెలుసు. బాగా తెలుసు. అదే నా బాధ.)

ఎనభయ్యో దశకం చివరి మాట ఇది. హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సు ఒకటి చదివి, చేతిలో సర్టిఫికెట్టు, ముఖంలో ప్రపంచాన్ని జయించిన తేజస్సుతో నేను ఊళ్లోకి దిగాను. ఆ తేజస్సు చూసి మోసపోయిన మొట్టమొదటి వ్యక్తి మా సేట్ సాబ్. బస్టాండుకు ఎదురుగా ఆయనకు కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. ఏం బుద్ధి పుట్టిందో, హైదరాబాద్‌లో ఏదో ఆఫీసు వదిలించుకుంటున్న కంప్యూటర్ ఒకటి కొని, లారీలో గుమ్మడికాయల మధ్య గడ్డి పరిచి పడుకోబెట్టి తెచ్చాడు. అది ఎంత పెద్దదంటే దాన్ని లోపలికి తేవడానికి దుకాణం తలుపు కాదు, గోడే తీయాల్సి వచ్చింది. (సరే, తలుపు చట్రం తీశారు. గోడ కొంచెం గీసుకుంది.) దానికో గది, ఆ గదికో కూలర్. మే నెలలో మేమంతా బయట పెనం మీది పల్లీల్లా వేగుతుంటే అది లోపల వట్టివేళ్ల వాసన పీలుస్తూ కొత్త పెళ్లికొడుకులా పడుకునేది. దాని నుంచి ఒక వైరు బయటికొచ్చి నా బల్ల మీద ఉన్న తెరకూ, మీటలకూ తగిలేది. బయట బోర్డు: 'కంప్యూటర్ జాతకం. తప్పు చెప్పదు.' ఆ అక్షరాలు బీదర్ నుంచి వచ్చే లారీ డ్రైవర్లకు రెండు మలుపుల ముందే కనిపించేవి. చదువుకుంటూ బ్రేకు వేయడం మరిచిపోయినవాళ్లు కూడా ఉన్నారని ప్రతీతి. (ప్రతీతి నేనే పుట్టించాను.)

ఝరాసంగం నుంచి ఒక పెద్దాయన వచ్చి నక్షత్రాల లెక్కలన్నీ విప్పి చెబితే, వాటిని మిషన్‌కు ఎక్కించింది నేను. నా ప్రోగ్రాం నాలుగు ముక్కలు. ఒక ముక్క వచ్చినవారి పేరు, పుట్టిన వేళ అడుగుతుంది. రెండో ముక్క దేనికోసం వచ్చారో, ఎవరితో జోడీ చూడాలో అడుగుతుంది. మూడోది లెక్క కట్టి ముప్పై ఆరుకు ఇన్ని గుణాలని తేలుస్తుంది. నాలుగోది అచ్చు వేస్తుంది. ఒక ముక్కను ఒకసారి చేసి పదిచోట్ల వాడుకోవడమే తెలివని హైదరాబాద్‌లో నేర్పారు కాబట్టి, పెళ్లికి గుణాలు చూసే ముక్కనే నేను బర్రెలకూ వాడాను. నవ్వకండి. అంగడినాడు, అంటే వారం సంత రోజున, పశువుల బేరగాళ్లు దుకాణం ముందు నుంచే పోయేవాళ్లు. సేట్ సాబ్ నా బల్ల మీద చెయ్యి వేసి అడిగాడు: "ఏం పంతులూ, మనిషికి జాతకం ఉంటే బర్రెకు ఉండదా? సుడులు చూడకుండ ఈడ బర్రెను ఎవడు కొంటడో చెప్పు." (జాతకాలు చెబుతానని ఆయన నాకు పెట్టిన పేరు పంతులు. నెల తిరక్కుండా ఊరంతా అదే పేరు పెట్టి పిలవసాగింది, మా ఇంట్లో కూడా.) నిజమే, మా వైపు బర్రె ఒంటి మీద సుడి ఎక్కడుందో చూడందే బయానా ఇవ్వరు. అందుకని కొనేవాడి నక్షత్రానికీ, బర్రె వయసుకూ, రంగుకూ, సుడులకూ గుణాలు కలిపి చూసే ఏర్పాటు చేశాను. ప్రపంచంలో ఇంకెవరూ చేసి ఉండరు. చేయాల్సిన అవసరం కూడా ఎవరికీ వచ్చి ఉండదు.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిన ఘోరం అర్థం కాదు. నా ముక్కలకు స్వంత జ్ఞాపకం లేదు. వచ్చినవారి పేరు తెర మీదే ఉంటుంది కాబట్టి దాంతో పేచీ లేదు. జోడీలో రెండోవారు ఎవరో రెండో ముక్క అడిగి తెలుసుకుంటుంది కానీ, మూడో ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి ఎవరో ఒకరు గుర్తు చేయాలి. దానికి నేను మిషన్ పొట్టలో ఒక చోటు చూసి 'ఇప్పటి జోడీ' అని పేరు పెట్టాను. రెండో ముక్క వివరాలు తెచ్చి అక్కడ పెట్టేది, మిగతావి అక్కడ తొంగిచూసి పని కానిచ్చేవి. అలాంటి చోటు ఒక్కటే. ఒక్కటి చాలదా మరి? తెర ఒక్కటి, కుర్చీ ఒక్కటి, అందులో కూర్చునే మేధావిని నేనొక్కణ్ని. ఇంకో మాట, ఆ మిషన్‌కు తెలుగు అక్షరాలు రావు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చు వేసేది. అందుకని వచ్చిన ఫలితాన్ని లైను మొత్తానికి వినబడేటట్టు చదివి వినిపించడం కూడా మా ఉద్యోగంలో భాగం.

అప్పుడే మా అక్క నాకు కోహీర్‌లో ఒక సంబంధం చూసింది. పిల్లను చూడబోయాం. జామకాయ ముక్కలు ఉప్పూకారం చల్లి తెచ్చి పెట్టింది. పెద్దవాళ్లు వానల గురించి మాట్లాడుకుంటుంటే నా వైపు తిరిగి మెల్లగా అడిగింది: "మీ కంప్యూటర్‌కు కోపమొస్తదా?" రాదన్నాను. "అయితే మనిషికన్న నయమే," అంది. అంతే. నా చేతిలోని జామముక్క నోటికి చేరలేదు, అట్లే ఆగిపోయింది. (మా అక్క ఇప్పటికీ అంటుంది, నువ్వు పది ముక్కలు తిన్నవురా అని. అది వేరే సంగతి.) ఆ పిల్ల తప్ప ఇంకెవరూ వద్దని తిరుగు బస్సులోనే తీర్మానించుకున్నాను.

కానీ ఆ ఇంట్లో తీర్మానాలు చేసేది పిల్ల కాదు, పిల్ల తండ్రి కూడా కాదు. పిల్ల వాళ్ల అవ్వ. మనిషి పిడికెడు. ఆమె దగ్గితే మాత్రం కోహీర్ జామతోటల్లో చిలకలు లేచిపోయేవి. ఆమెకు పంతుళ్ల మీద నమ్మకం లేదు. "మా పంతులు మా దిక్కు మాట్లాడతడు, మీ పంతులు మీ దిక్కు మాట్లాడతడు. డబ్బాకు చుట్టాలుండరు గద. దానికే సూపిస్త. అది అవునంటె అవును, కాదంటె కాదు," అంది. పిల్ల పుట్టిన వేళ ఆమె ఒక్కదానికే తెలుసు, ముందుగా చెప్పదు. అంటే నేను రాసిన ప్రోగ్రాం ముందు, నేను పనిచేసే దుకాణంలో, నా పెళ్లి నిలబడుతుందో లేదో నాకే తెలియదు. అంగడినాడు వస్తానని కబురు పంపింది.

సరిగ్గా ఆ వారమే సేట్ సాబ్ ఆడవాళ్లకు వేరే లైను పెట్టాలని రెండో తెర తెప్పించాడు. మధ్యలో ఒక పరదా, పరదా అవతల టైపు నేర్చిన ఒక అక్క, ఊరంతటికీ ఆపా. "రెండో తెర పెడితే నీ ప్రోగ్రాంల ఏమన్న మార్చాల్నా పంతులూ?" అని ఆయన అడిగాడు. నేను కాలు మీద కాలు వేసుకుని, "ఏం అక్కర లేదు సాబ్. వైరు కలిపితే చాలు," అన్నాను. జీవితంలో నేను చాలా మాటలు అన్నాను. అంత దర్జాగా అన్నది ఇదొక్కటే.

అంగడినాడు పొద్దున్నే లైను బస్టాండు గేటు దాకా పోయింది. మగవాళ్ల లైనులో ముందున్నవాడు మొగుడంపల్లి పహిల్వాన్. ఒకప్పుడు కుస్తీలు పట్టేవాడు, ఇప్పుడు పాలవ్యాపారం. ఆయన బల్ల మీద మోచెయ్యి ఆనిస్తే బల్లే ఆయన మీద ఆనుకున్నట్టుండేది. అదే సమయానికి కోహీర్ అవ్వ దిగింది. వెనకాల సంచీ పట్టుకుని పిల్ల మేనమామ, పక్కన మా అక్క. నేను లేచి వెళ్లి కాళ్లు మొక్కాను. "మనిషి తప్పు చెప్తడు అవ్వా, మిషన్ చెప్పదు," అని కూడా అన్నాను, బోర్డు నాకు సరిపోనట్టు. "సూద్దాం బిడ్డా," అని ఆమె పరదా అవతలికి పోయింది.

నేను పహిల్వాన్ పేరు, నక్షత్రం కొట్టి, ఆయన కొనబోయే బర్రె వివరాలు అడిగాను. ఆరేండ్ల ముర్రా, రెండుసార్లు ఈనింది. నలుపు. రెండో ఈత. నుదుట రెండు సుడులు. పూటకు నాలుగు సేర్లు. "తంతదా?" అని అడిగాను, ప్రోగ్రాంలో ఆ ప్రశ్న కూడా ఉంది. "జర తంతదట," అన్నాడాయన సిగ్గుపడుతూ, తానే తన్నినట్టు. అన్నీ పెట్టి అచ్చు మీట నొక్కాను. కాగితం వచ్చింది. గొంతు సవరించుకుని లైనంతటికీ వినబడేలా చదవసాగాను: "కొనువారు, మొగుడంపల్లి వాస్తవ్యులు. కొనబోవునది, చామనచాయ. పదో తరగతి పాసు. వంట వచ్చును. అత్తగారియందు గౌరవము కలది."

పహిల్వాన్ నా వైపు వంగాడు.

"పదో తరగతి పాసైందా?"

"అట్లనే పడ్డది."

"మా పోరడే ఫెయిలైండు గద పంతులూ," అన్నాడాయన బాధగా. వెనక నుంచి ఎవరో, "వంట కూడ వస్తదంట, ఇగ పెండ్లాం ఎందుకు," అన్నారు. ఇంకెవరో, అత్తకు మర్యాద ఇచ్చే బర్రె ఉంటే తమక్కూడా ఒకటి చూడమన్నారు. నేను మీటలు తప్పు నొక్కి ఉంటానని సర్దిచెప్పి, బర్రె వివరాలు మొదటి నుంచీ మళ్లీ కొట్టాను. ఈసారి నలుపు, రెండో ఈత, నాలుగు సేర్లు, అంతా సవ్యంగా వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. నేను దులిపేసుకున్న తప్పు గాలిలో కలిసిపోలేదనీ, వైరు వెంబడి పోయి పరదా అవతల దిగిందనీ నాకేం తెలుసు.

పరదా అవతల ఆపా గొంతు లేచింది. ఆపాది మైకు అక్కర్లేని గొంతు. అర్థం చూసుకోకుండా అక్షరం చూసి చదవడం ఆమె పద్ధతి. "వరుడు, జహీరాబాద్ వాస్తవ్యులు, కంప్యూటర్ ఉద్యోగం. వధువు, వయసు ఆరేండ్లు. రంగు నలుపు. రెండో ఈత. నుదుట రెండు సుడులు శుభం. పూటకు నాలుగు సేర్లు. తన్నే అలవాటు కలదు, దగ్గరికి పోవునప్పుడు జాగ్రత్త. గుణాలు ముప్పై ఆరుకు ముప్పై ఒకటి. దివ్యమైన జోడీ. ఆలస్యం చేయరాదు."

నేను పహిల్వాన్‌తో చిల్లర మాటల్లో ఉండి 'ముప్పై ఒకటి, దివ్యమైన జోడీ' అన్నది మాత్రమే విన్నాను. నా గుండె ఎగిరి కూలర్ మీద కూర్చుంది. పరదా పక్కకు జరిగి అవ్వ ముఖం బయటికొచ్చింది.

"గిది నిజమేనా పిలగా?"

"నిజమే అవ్వా. మిషన్ చెప్పిందంటె నిజమే," అన్నాను, రెండు చెవుల దాకా నవ్వుతూ.

"రెండో ఈత నిజమేనా?"

అప్పుడు గాని నాకు బర్రె గుర్తుకు రాలేదు. ఆడవాళ్ల లైనులో కొందరు కొంగు నోట్లో కుక్కుకున్నారు. మా అక్క గోడకు ఆనుకుని నిలబడింది, గోడ లేకపోతే పడిపోయేదే. అవ్వ మాత్రం నెమ్మదిగా, ఒక్కొక్క మాట ఏరి పెట్టినట్టు అన్నది: "మా పిల్లను బర్రె అన్నరు, పోనీ. నల్లగ అన్నరు, పోనీ. చిన్నప్పుడు మా పెద్దోని కొడుకును జామచెట్టు మీదికెళ్లి తన్నిన ముచ్చట ఇంటి గడప దాటలేదు. గది మీకెవలు చెప్పిన్రు? మా ఇంటి ముచ్చట్లు కూడగట్టి డబ్బాల ఏసి, నలుగుర్ల సదివిస్తరా?" ఇక వినలేదు. సంచీ అందుకుని, మేనమామను వెంటేసుకుని రోడ్డు దాటి కోహీర్ బస్సెక్కింది.

సేట్ సాబ్ నా వైపు చూశాడు. ఆ చూపులో గుమ్మడికాయల లారీ, తీసిన తలుపు చట్రం, కూలర్, అన్నీ కనిపించాయి. "పంతులూ, డబ్బాను తర్వాత సూద్దం. ముందుగాల ముసలమ్మను ఆపు. ఆ అమ్మ ఊర్ల నోరిప్పితే మన బోర్డు కింద పడ్డట్టే," అన్నాడు. నేను ఉరికాను.

కోహీర్ బస్సు కిక్కిరిసి ఉంది. డ్రైవరు ఎదురు హోటల్లో చాయ్ తాగుతున్నాడు. మా ఊళ్లో బస్సుకు రిజర్వేషన్ అంటే దస్తీయే, అదే చేతిరుమాలు. బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ విసిరితే, అది పడ్డ సీటు మనది. ఆ న్యాయానికి కండక్టరు కూడా అడ్డం రాడు. నేను ఎక్కేసరికి అవ్వ పక్క వరుసలో ఒక సీటు కోసం ఇద్దరు తలపడి ఉన్నారు. ఇద్దరూ రెండు కిటికీల్లోంచి ఒకే సీటు మీద దస్తీలు విసిరారు. రెండూ తెల్లవి, రెండింటికీ నీలం అంచు, రెండూ అదే అంగడిలో కొన్నవి. "పైనున్నది నాది," అంటాడొకడు. "నా దాని మీద నువ్వు ఏసి నీదంటవేంది?" అంటాడు ఇంకొకడు. కండక్టరు రెండు దస్తీలూ ఎత్తి పట్టుకుని, కవల పిల్లలను పోల్చుకోలేని మంత్రసానిలా నిలబడ్డాడు. వాళ్ల వెనకే ఇంకొకామె, కొసకు ముడి వేసిన దస్తీని సీటు మీంచి తీసుకుని, ఎవరితో ఒక్క మాట లేకుండా కూర్చుని పల్లీలు ఒలుచుకుంటోంది.

నేను అవ్వను మరిచిపోయి ఆ దస్తీల వైపే చూస్తుండిపోయాను. నా మిషన్లో సీటు ఒక్కటే. దాని పేరు 'ఇప్పటి జోడీ'. నేను నా కిటికీలోంచి బర్రెను విసిరాను, ఆపా తన కిటికీలోంచి పిల్లను విసిరింది. పైన ఏది పడితే ఇద్దరికీ అదే. నేను మళ్లీ విసిరేసరికి పిల్ల కింద పడి బర్రె పైకొచ్చింది. ఇన్నాళ్లూ బస్సులో నేనొక్కణ్నే కాబట్టి తగువు రాలేదు. ఎవరి సీటు వాళ్లకు వేరుగా ఉండాలి, ఎవరి దస్తీకి వాళ్ల ముడి ఉండాలి.

"దొరికింది అవ్వా, తప్పు దొరికింది," అన్నాను.

"దొరికితె దాసుకో," అందామె కిటికీలోంచి బయటికి చూస్తూ.

"తప్పు నాది కాదు, పిల్లది కాదు. మీ పిల్ల పోయి బర్రె కొనేటోని కాగితంల పడ్డది, ఆయన బర్రె వచ్చి మీ కాగితంల పడ్డది. జర దిగు. చాయ్ తాగినంత సేపట్ల సక్కజేస్త. నా మాట అబద్ధమైతె నువ్వే ఆ బోర్డు పీకెయ్యి."

బోర్డు పీకడమన్న మాట ఆమెకు నచ్చినట్టుంది. "దిగితె నా సీటు పోతది. పోతె నువ్విస్తవా?" అంది. నేను జేబులోంచి నా దస్తీ తీసి, కొసకు గట్టిగా ముడి వేసి, ఆమె సీటు మీద పరిచాను. దాని పక్కన మేనమామను కాపలా పెట్టాం. అవ్వ దిగింది.

ఇక డ్రైవరును ఆపడం సేట్ సాబ్ వంతు. చాయ్ అయిపోవచ్చిన ప్రతిసారీ ఇంకో కప్పు చెప్పాడు, చాయ్‌తో ఆగనంటే మిర్చి బజ్జీలు చెప్పాడు. బస్సు ఎందుకు కదలడం లేదో తెలుసుకుందామని ప్రయాణికులంతా దిగి దుకాణం ముందు చేరారు, ఎక్కని వాళ్లు కూడా చేరారు. నేను లోపల మిషన్ ముందు కూర్చుని, ఆ చోటు పేరు చివర ఏ తెర నుంచి వస్తే ఆ తెర నంబరు తగిలేటట్టు మార్చాను. మగవాళ్ల తెరకొక జోడీ, ఆడవాళ్ల తెరకొక జోడీ, ఎవరి ముడి వారిది. ఎంత తొందరగా కొట్టానంటే మీటలే వచ్చి నా వేళ్లను నొక్కాయి.

పరీక్ష కోసం పహిల్వాన్‌ను మళ్లీ కూర్చోబెట్టాను. ఆపా పిల్ల వివరాలు కొడుతుంటే నేను బర్రె వివరాలు కొట్టాను, ఆమె ఆపితే నేను ఆపాను, కావాలనే ఒకరి మీద ఒకరు పడ్డాం. ముందు నా కాగితం వచ్చింది. నలుపు, రెండో ఈత, నాలుగు సేర్లు, తంతది. బర్రె అంటే బర్రె. పహిల్వాన్ కొంచెం నిరాశపడ్డాడు. "పదో తరగతిదే బాగుండె," అన్నాడు. నేను మాత్రం నింగికి నిచ్చెన వేసినంత సంబరంతో పరదా వైపు చెవి పెట్టాను. ఆపా చదివింది: "వధువు, చామనచాయ. పదో తరగతి పాసు. వంట వచ్చును. అత్తగారియందు గౌరవము కలది." జనం అబ్బురపడ్డారు, కొందరు చప్పట్లు కొట్టారు. నేను కాలరు సవరించుకున్నాను. ఆపా అక్షరం చూసి చదివే మనిషి కదా, అదే ఊపులో చదువుకుంటూ పోయింది: "గుణాలు ముప్పై ఆరుకు పదకొండు. పద్దెనిమిదికి తక్కువ. జోడీ కుదరదు. వేరొక సంబంధం చూసుకొనుట మేలు."

చప్పట్లు కొట్టే చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

ఆ క్షణంలో నా అవస్థ పగవాడికి కూడా వద్దు. మిషన్ బాగైంది, పెళ్లి చెడింది. పొద్దున తప్పుల తడకగా ఉన్నప్పుడు నాకూ బర్రెకూ ముప్పై ఒకటి ఇచ్చి దీవించిన డబ్బా, నేను చెమటోడ్చి సరిచేసిన మరుక్షణం నా పిల్లను నాకు కాకుండా చేసింది. అవ్వ పరదా దాటి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడు చెప్పింది నిజమేనా?"

తప్పని అంటే పిల్ల దక్కుతుందేమో. కానీ రెండు లైన్లూ, ఒక బస్సెడు జనమూ వింటుండగా తప్పని అంటే సేట్ సాబ్ దుకాణం ఆ రోజే మూతపడుతుంది. నిజమంటే దుకాణం నిలుస్తుంది, నేను పోతాను. మా అక్క వెనక నుంచి 'కాదు' అన్నట్టు తల తిప్పుతోంది, హోటల్ గుమ్మంలో సేట్ సాబ్ బజ్జీ చేతిలో పట్టుకుని కొరకకుండా చూస్తున్నాడు. నేను తూచి తూచి ఏదో గొప్ప మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది. కానీ నోరు తెరిస్తే అందులోంచి వచ్చింది నేను కాదు, నా సర్టిఫికెట్టు.

"నిజమే అవ్వా. ఈసారి పక్కా," అన్నాను.

అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ముఖంలో ఎక్కడో ఒక మూల కదిలింది. "పొద్దుగాల బర్రెకు గిదే మొకంతోని గిదే మాట అన్నవు," అంది. "మిషన్ చెప్పిందంటె నిజమే అన్నవు. రెండో ఈత గూడ నిజమే అన్నట్టు నవ్వినవు. నీ నిజం ఎంత నిజమో నాకెరుకైంది గద. బర్రెకు ముప్పై ఒకటి, మా పిల్లకు పదకొండు ఏసే డబ్బా మాట ఇని నేను సంబంధం ఒదులుకుంటనా?" మా అక్క వైపు తిరిగింది. "మాఘంల లగ్గం పెట్టుకుందం. పిలగాడు మంచోడే. జర ఎచ్చులెక్కువ. మా పిల్ల సూసుకుంటది."

"తన్నుతదా అవ్వా?" అని పహిల్వాన్ ఉండబట్టలేక అడిగాడు.

"అవసరముంటె," అని అవ్వ రోడ్డు దాటింది.

సేట్ సాబ్ బజ్జీ కొరికాడు, డ్రైవరు లేచాడు, బస్సు కదిలింది. దుకాణానికి ఏమీ కాలేదు. పైగా ఆ వారం నుంచి తమకూ తమ భార్యకూ ఎన్ని, తమకూ పక్కవాడి బర్రెకూ ఎన్ని అని అడిగేవాళ్లతో లైను ఇంకా పొడుగైంది. పహిల్వాన్ ఆ బర్రెను కొన్నాడు. కొన్ని నెలల తర్వాత వచ్చి, "అత్తకు మర్యాద ఇస్తదంటివి, మా అత్తనే తన్నింది," అని దావా వేసినంత పని చేశాడు. అది మొదటి కాగితం సంగతనీ, రెండోది చదువుకొమ్మనీ ఎంత చెప్పినా ఆయన వినలేదు. మనిషి తనకు నచ్చిన కాగితాన్నే దాచుకుంటాడు.

బస్సు పోయాక గాని నాకు గుర్తు రాలేదు, నా దస్తీ అవ్వతో పాటే కోహీర్ పోయింది. మాఘంలో పెళ్లయి మా ఇంటికొచ్చిన మర్నాడు, పిల్ల తన పెట్టె తెరిచి దాన్ని నా చేతిలో పెట్టింది. ఉతికి, మడిచి, ముడి మాత్రం విప్పకుండా. "ఈ సీటు మీదేనట గదా," అంది. నేను దాన్ని అట్లే తీసుకెళ్లి బీరువాలో పెట్టాను.

ఇప్పటికీ బ్యాంకు పనో, రైలు పనో పెట్టుకుని నేను ఫోన్ ముందు కూర్చుని, మధ్యలో కళ్లద్దాలు వెతుక్కోవడానికి లేచి, 'మీ సెషన్ ముగిసింది' అన్న మాట చూసి నిట్టూరిస్తే, లోపలి నుంచి మా ఆవిడ గొంతు వినబడుతుంది: "లేసేటప్పుడు దస్తీ ఏసి పోకపోతిరా?" ఏదైనా మాట పట్టింపు వస్తే, "ముప్పై ఒకటొచ్చిన దాన్నే చేసుకోవాల్సింది, పూటకు నాలుగు సేర్లు ఇచ్చేది," అంటుంది. మా మేనల్లుడు ఒక్కొక్కరి ముచ్చట ఒక్కొక్క అరల పెట్టాలని పాఠం చెబుతున్నప్పుడు, మిట్టమధ్యాహ్నం బస్సుకూ దుకాణానికీ మధ్య తారు రోడ్డు మీద చెప్పు తెగినా ఆగకుండా ఉరికిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. నాలుగు అక్షరాలు మారిస్తే చాలు, లోకంలో ఇక ఏదీ కలగాపులగం కాదని నమ్మినవాడు. వాణ్ని ఆపి ఏదైనా చెబుదామా అనిపిస్తుంది. ఎందుకులే, ఉరకనీ. వాడు సరిచేసినందుకు కాదు, సరిచేసింది కూడా ఎవరూ నమ్మనందుకు నేనిక్కడ కూర్చుని ఉన్నాను. దస్తీ ఇంకా బీరువాలోనే ఉంది, అంచు నీలం వెలిసిపోయింది. ముడి విప్పలేదు. సీటు నాదేనని ఇంత వయసులోనూ ఏదో ఒక గుర్తు ఉండాలి కదా.